కుదిరె ఎత్తు

పీలమేడులో కడుతున్న కొత్త ఇంటి హాలు కప్పుకు ఆ ఉదయం సిమెంటు పూత పెట్టాలి. సిమెంటు, ఇసుక మాలు కలపడం అయింది. సరిగ్గా అప్పుడే యేసుదాస్ మేస్త్రీ మోకాలు పట్టేసింది. గోడకు చేరబడి కూర్చున్నాడు, లేవలేకపోయాడు.

అంగమ్మాళ్ ఇరవై ఏడేళ్లుగా ఆయనకు కింద నుంచి మాలు అందించే మనిషి. హాలు మధ్యలో రెండు కుదిరెలు సిద్ధంగా ఉన్నాయి. కాళ్లు ఎడంగా చాపుకుని నిలబడే కొయ్య గుర్రాలవి. రెంటి మీదా పలక పరిస్తే మేస్త్రీకి అదే నేల.

“మాలు గడ్డ కట్టిపోతాది అంగమ్మా. ఇంకో మేస్త్రీని పిలస్తా.”

“ఎవురూ వద్దుణ్ణా. నేను ఎక్కుతా.”

తాను అన్నానికి వెళ్లినప్పుడల్లా ఆమె గోడల మూలలు పూసి చూసుకుంటుందని యేసుదాస్‌కు తెలుసు. ఏనాడూ అడగలేదు. “సరి, ఎక్కు” అన్నాడు.

ఎక్కి చెయ్యి చాపితే కప్పు ఇంకా జానెడు పైనే ఉంది. ఆ కుదిరెలు పొడగరి యేసుదాస్ కొలతకు చేయించినవి.

“కుదిరెల కాళ్ల కింద ఇటుకలు పెట్టుకో.”

“ఇటుక జారితే పలక తిరగబడతాదిణ్ణా. మా అక్క మొగుడు అట్లే పడి నడుం పోగొట్టుకున్నాడు.”

పక్కింట్లో రంగులు వేస్తున్న అళగిరిసామి దగ్గరికి వెళ్లి ఎత్తు కుదిరెలు అడిగింది.

“ఎక్కేది ఎవురక్కా?”

“నేనే.”

అతను నవ్వలేదు. ఒకదాని అడ్డపట్టీ వదులుగా ఉంటే మేకు కొట్టి ఇచ్చాడు. ఆమె ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చింది. నేల మీది ఇసుక ఊడ్చింది, కాళ్లన్నీ ఆనాయో లేదో ఊపి చూసింది, పలకను రెండు చివర్లా తాడుతో కట్టింది.

మొదటి తాపీ మాలు మొహం మీదే పడింది. రెండోది కప్పుకు నిలిచింది.

“తొయ్యొద్దు, మణికట్టు తిప్పు” అన్నాడు యేసుదాస్ కింద నుంచి.

మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. అయినా దిగలేదు. పొద్దు వాలేసరికి కప్పు పూర్తయింది. ఇంజనీరు కృత్తిక వచ్చి మట్టపుబద్ద ఆనించి చూసింది. కిటికీ వైపు కొంచెం పల్లంగా ఉందని చూపిస్తే, అంగమ్మాళ్ అక్కడ గీకి మళ్లీ పూసింది.

మరుసటి వారం మేడ మీది గదుల పూత పని కృత్తిక ఆమెకే అప్పగించింది.