నా వీపు మీద స్టిక్కర్ బొట్లు

నేను ఒక ఫ్లెక్సీని. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. రాజమండ్రిలో ఒక యంత్రం పది నిమిషాల్లో నన్ను కని అవతల పడేసింది. నా ముందువైపు కుసుమపాలెం వార్డు మెంబరు తాతాజీగారికి పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆయన నవ్వుముఖం, చుట్టూ ఇరవైమంది అభిమానులు. వాళ్ళలో సగంమందికి ఆయన పుట్టినరోజు ఎప్పుడో తెలియదు. అయినా ఫ్లెక్సీలో తమ ఫొటో లేకపోతే మాత్రం నెల్లాళ్ళు అలుగుతారు.

పుట్టినరోజు అయిపోగానే నన్ను విప్పి ధాన్యం మీద కప్పారు. తర్వాత జల్లు కొట్టకుండా ఆరోగ్య ఉపకేంద్రం కిటికీకి కట్టారు. అక్కడే నర్సు సుగుణ సిస్టరు కంట్లో పడ్డాను. నా అసలు విలువ నా తెల్లటి వీపులో ఉందని కనిపెట్టింది ఆవిడే.

ఆ వారం ఊళ్ళో వాంతులు, విరేచనాలు. మూడు రోజుల్లో ముప్ఫై ఒక్కమంది మంచం పట్టారు. తాతాజీగారి మనవరాలికి సెలైన్ ఎక్కించారు. ఆయన మండిపడుతూ జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఏం తిన్నారని అడిగారు. ఇరవై ఒక్కమంది నూకరత్నం బండి దగ్గర ఇడ్లీ తిన్నామన్నారు. ఇంకేం కావాలి? శుక్రవారం పంచాయతీలో తీర్మానం చేసి బండి ఎత్తించేస్తానన్నారు. రత్నానికి ఆ బండి తప్ప మరో ఆధారం లేదు. రుబ్బిన పిండి ఇంట్లో పులిసిపోతుంటే, ఆవిడ ఉపకేంద్రం అరుగు మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఫ్లెక్సీకి కోపమేమిటని నవ్వకండి.

"జబ్బుపడ్డోళ్ళనే అడిగారు. పడనోళ్ళని ఎవరన్నా అడిగారా?" అంది సిస్టరు.

ఎవరూ అడగలేదు. సిస్టరు నన్ను తిరగేసి, వీపు మీద ఊరి రెండు వీధులూ, ప్రతి ఇల్లూ గీసింది. ఫ్యాన్సీ షాపులో స్టిక్కర్ బొట్ల ప్యాకెట్లు కొంది. జబ్బుపడ్డ మనిషికి ఎర్ర బొట్టు, బాగున్న మనిషికి ఆకుపచ్చ బొట్టు. ఇడ్లీ తిన్నవాళ్ళ బొట్టు చుట్టూ పెన్నుతో ఒక సున్నా. రెండు రోజులు గడపగడపా తిరిగింది.

ఇక వినండి, ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. పడమటి వీధిలో ఇడ్లీ తిన్నవాళ్ళు నలభైమంది, వాళ్ళలో ఇరవైమందికి జబ్బు. తిననివాళ్ళు ఇరవైమంది, వాళ్ళలో పదిమందికి జబ్బు. తిన్నా సగమే, తినకపోయినా సగమే! తూర్పు వీధిలో నలభై తొమ్మిదిమంది తింటే ఒక్కడే పడ్డాడు. ఆ ఒక్కడూ రోజూ పడమటి వీధిలో కూతురింట భోంచేసే ముసలాయన. జబ్బుపడ్డవాళ్ళను మాత్రమే లెక్కపెట్టినంతసేపూ తప్పు ఇడ్లీదే అనిపించింది. ఎంతమందిలో ఎంతమంది అని అడిగాక ఇడ్లీ నిర్దోషిగా బయటపడింది.

మరి పడమటి వీధికేమైంది? అక్కడ సొంత బోరున్న మూడిళ్ళలో ఒక్క ఎర్ర బొట్టూ లేదు. సిస్టరు మర్నాడు పొద్దున్నే, కుళాయి వచ్చే వేళకు వెళ్ళింది. వీధంతా మోటార్ల మోత. నీళ్ళు ఎక్కువ లాగడానికి ఇంటింటా కుళాయికే మోటారు బిగించారు. ఎవరైనా అధికారి వస్తే అవన్నీ మంచాల కిందికి పోతాయి. ఆ వీధి పైపు మురుగుకాలవలోంచి వెళుతుంది, దానికి ఒకచోట పగులుంది. అన్ని మోటార్లూ ఒక్కసారి పీలిస్తే కాలవ నీళ్ళు పైపులోకి వస్తున్నాయి. ఆ వీధిలో మొదటి మోటారు తాతాజీగారిదే.

శుక్రవారం పంచాయతీ గోడకు నన్ను వీపు కనబడేలా కట్టారు. సిస్టరు చెప్పినదంతా తాతాజీగారు విన్నారు.

"అయితే నా మనవరాలికి నేనే తాగించానన్నమాట," అన్నారు చివరికి.

"మోటారు తీసెయ్యండి బాబాయిగారూ. పైపు బాగయ్యేదాకా నీళ్ళు కాచుకుని తాగండి."

ఆయన ఇంటికెళ్ళి మోటారు విప్పి, గోనెసంచిలో మోసుకొచ్చి అందరి ముందూ పెట్టారు. అప్పుడు రత్నం ముందుకొచ్చింది.

"నన్నెవరూ అడగలేదండి, సిస్టరుగారూ. రోజూ మొదటి వాయి తినేది నేనేనండి. నాకేం అవ్వలేదు."

నిజమే, అంత జాగ్రత్తపరురాలైన సిస్టరు కూడా ఆవిణ్ణి మరిచిపోయింది. ప్యాకెట్లో బొట్లు అయిపోయాయి. ఆ రోజు రత్నం కట్టుకున్నది ఆకుపచ్చ చీర. నుదుట ఉన్న పెద్ద ఆకుపచ్చ బొట్టు తీసి, తూర్పు వీధి చివర తన ఇంటి మీద గట్టిగా అదిమింది. సిస్టరు దాని చుట్టూ సున్నా చుట్టింది.

తాతాజీగారు గొంతు సవరించుకున్నారు. "రేపు మా ఇంటికి పది ఇడ్లీ పంపమ్మాయ్."

"పంపుతానండి. నీళ్ళు మాత్రం మీ ఇంటివి పోయనండి," అంది రత్నం.

ఇప్పుడు నేను నర్సింగ్ విద్యార్థుల తరగతి గదిలో ఉన్నాను. తాతాజీగారూ, ఇరవైమంది అభిమానులూ గోడకేసి నవ్వుతుంటారు. సిస్టరు ఇక్కడే పాఠం చెబుతుంది. ఏటా కొత్త పిల్లలు వచ్చి నా వీపు మీది బొట్లు లెక్కపెడతారు. తూర్పు వీధి చివర ఒక్క బొట్టు మాత్రం అంత పెద్దగా ఉందేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

సిస్టరు రత్నం కథంతా చెప్పి, "ఆవిణ్ణి ముందే ఎందుకు అడగలేదో చెప్పండి," అంటుంది. ఎవరో ఒకరు ఆ పెద్ద బొట్టు మీద వేలు పెట్టి, "ఇడ్లీ అమ్మే మనిషనే చూశారు గానీ, తినే మనిషని ఎవరూ అనుకోలేదండి," అంటారు.