ధనుస్సులో చంద్రుడు, ట్రేలో నారు

మా బావ శివరామకృష్ణ ఇల్లరికపు అల్లుడు. మా గురవమ్మ పిన్ని కూతురు నాగజ్యోతిని చేసుకుని, పిన్ని పేరున ఉన్న రెండెకరాల నల్లరేగడిలో పన్నెండేళ్ళుగా మిరపతోట పెడుతున్నాడు. గట్టుకు ఇవతల నా పొలం. కాబట్టి ఆయనకు పుట్టిన తెలివి ఏదైనా ముందు నాకే తగులుతుంది.

కిందటేటి ముందు ఏడు నల్ల తామర పురుగు వచ్చి మిరప పూతంతా తినేసింది. ఊరు మొత్తానికీ వచ్చింది. అందరం మందులు కొట్టి, తిట్టుకుని ఊరుకున్నాం. మా బావ మాత్రం కారణం కనిపెట్టాడు.

"నాటిన రోజు చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడు బావా. వృశ్చికం అంటే తేలు. తేలంటే ఏంటి? పురుగు జాతేగా."

"నేను నీకన్నా వారం ముందు నాటాను. నాదీ పోయింది."

"నీకు నా పొలంలోంచి వచ్చింది."

దానికి క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలో తెలియక ఇద్దరం గట్టు దిగాం.

పిన్నికి అంత ఓపిక లేదు. "ఇంకొక్క ఏడు చూస్తా. ఈసారీ పోతే పొలం జామాయిల్ చెట్లకి ఇచ్చేస్తా. దానికి పురుగూ లేదు, కూలీలూ లేరు, అల్లుడూ అక్కర్లేదు" అంది, అల్లుడికి అన్నం వడ్డిస్తూనే. ఆమె మాట అంటే అన్నట్టే. జామాయిల్ మొక్క ఒకసారి పడితే మా బావకి ఈ ఊళ్ళో మిగిలేది అరుగొక్కటే.

అందుకని ఆయన కిందటేడు ఫోనులో ఒక యాప్ వేయించుకున్నాడు. ఏ దేశం వాళ్ళు చేశారో, అందులో రోజులన్నీ నాలుగు రకాలు. వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, కాయ రోజు. చంద్రుడున్న రాశిని బట్టి మారతాయి. ముల్లంగి వేరు రోజున పెట్టాలి, గోంగూర ఆకు రోజున చల్లాలి. మిరప కాయ పంట గనక చంద్రుడు మేషంలోనో సింహంలోనో ధనుస్సులోనో ఉండాలి, అదీ శుక్లపక్షమై ఉండాలి. ఆ లెక్కన మాకు నాటే నెలలో దక్కేది రెండున్నర రోజులు. మిగతా రోజుల్లో మిరప ఏం చేయాలో యాప్‌లో రాయలేదు.

ముందు పెరట్లో పరీక్ష పెట్టాడు. కాయ రోజు చూసి బీరగింజలు వేశాడు. బాగా కాసింది. పక్క దొడ్లో జక్రయ్య అదే వారం ఏ రోజున వేశాడో తనకే గుర్తులేని బీర కూడా అంతే కాసింది. దాన్ని మా బావ పరీక్షలో కలపలేదు.

నర్సరీ నుంచి నలభై రోజుల నారు వచ్చింది. రెండెకరాలకు పాతికవేల మొక్క. ట్రేలన్నీ ఇంటి ముందు రేకుల కింద పరిచారు. మొక్క ఎక్కడ పెట్టాలో గీతలు పడేలా పొలం నిలువూ అడ్డం అచ్చు తోలించి సిద్ధంగా పెట్టాడు. నాటడమే తరువాయి. అప్పుడు పిన్ని పంచాంగం తీసింది. పంచాంగం చూడకుండా ఆమె ఆవకాయ జాడీ కూడా జరపదు.

ఆకాశంలో ఉన్నది ఒక్క చంద్రుడే. ఫోనులో ఆయన ధనుస్సులోకి వచ్చే రోజున, పిన్ని పంచాంగంలో ఇంకా వృశ్చికంలోనే కూర్చుని ఉంటాడు. వాళ్ళ లెక్కకీ మన లెక్కకీ దాదాపు రెండు రోజుల తేడా. ఇంకొకడైతే ఏదో ఒకటి వదిలేసేవాడు. మా బావ రెండూ నమ్మాడు. రెండూ ఒప్పుకున్న గంటల్లోనే నాటుతానన్నాడు.

ఆ గంటల కోసం రెండు వారాలు ఆగాం. ఊళ్ళో అందరూ నాటేశారు, నాతో సహా. ట్రేల్లో నారు మోకాలి దాకా సాగి మొగ్గ వేసింది. నాగజ్యోతి పొద్దునే కూర్చుని మొగ్గలు గిల్లుతుండేది.

"నువ్వైనా చెప్పన్నయ్యా" అంది నన్ను చూసి.

"నేను చెబితే పదమూడో రాశి తెస్తాడమ్మా" అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఆదెమ్మ వచ్చింది. పాతికమంది ఆడకూలీలకు మేస్త్రి ఆమె. మా చుట్టుపక్కల ఆమె ముఠా రాకుండా ఏ తోటా లేవదు.

"రేపు మాకు ఖాళీ అండీ. సోమవారం నుంచి పదిహేను రోజులు పొన్నూరు వైపు వరినాట్లకి పోతున్నాం. ఆటోలు కూడా మాట్లాడేశాం. రేపు పెట్టించుకుంటారా?"

"రేపు పంచాంగంలో తేలుంది. ఎల్లుండి రండి. ఆదివారం తెల్లవారుజాము నాలుగు నుంచి మధ్యాహ్నం మూడు దాకా రెండు లెక్కలూ కలిశాయి" అన్నాడు మా బావ.

"ఆదివారం ఆరాధనండీ."

"అయ్యాకే రండి."

"మా పాస్టరుగారు ప్రసంగం ఎత్తుకుంటే చంద్రుడు రాశి దాటినా ఆయన రెండో వాక్యం దాటరండీ."

"ఒక్క ఆదివారం మానుకోలేరా ఆదెమ్మా?"

"ఒక్క శనివారం మీరు ఆ తేలును ఊరుకోబెట్టలేరా?"

నాగజ్యోతి పక్కకు తిరిగి నవ్వింది. మంచం మీద పిన్ని నవ్వలేదు. "ఒరే వెంకయ్యా, ఆ జామాయిల్ అతని నెంబరు నీ దగ్గరుందా?" అని అడిగింది.

"ఉంది పిన్నీ."

మా బావ చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది, ఆయన దాన్ని చూడటం లేదు. ట్రేల వంక చూస్తున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన ముఖం అట్లా చూడలేదు నేను. కాసేపు నాకు నవ్వు రాలేదు. తర్వాత వచ్చింది గానీ, ఆ కాసేపు రాలేదు.

ఆదెమ్మ గొంతుక్కూర్చుని ట్రేలోంచి ఒక మొక్క పీకింది. వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. మళ్ళీ జాగ్రత్తగా దాని గుంటలో పెట్టేసింది.

"ఒక మాటండీ. రేపు మేం నాటం. ఊరికే ట్రేల్లోంచి తీసి మీ పొలంలో దాచిపెట్టి పోతాం. ఈశాన్యం మూల నాలుగు మొక్కలకు చోటు వదిలేస్తాం. ఎల్లుండి మీ టైముకి ఆ నాలుగూ మీరు పెట్టుకోండి. అప్పుడు తోట నాటినట్టు."

"దాచిపెట్టడమంటే?"

"గుంట తీసి, మొక్క పెట్టి, మట్టి అదిమి, నీళ్ళు పోస్తామండీ."

"అది నాటడమేగా?"

"మీరు నాటడమనుకుంటే నాటడమండీ. మేం అనుకోం."

మా బావ ఫోను పైకీ కిందకీ చాలాసేపు జరిపాడు. దాచడానికి ఏ రాశి మంచిదో అందులో దొరకలేదు. అత్తగారి వైపు చూశాడు. పిన్ని కళ్ళజోడు సర్దుకుని పేజీ తిప్పింది.

"దాచడానికి రాశితో పని లేదు. వర్జ్యం లేకపోతే చాలు. రేపు పన్నెండున్నర నుంచి రెండు దాకా వర్జ్యం. అప్పుడు దాచొద్దు."

"అప్పుడు మేం అన్నం తింటామండీ" అంది ఆదెమ్మ.

శనివారం సాయంత్రం ఐదింటికల్లా పాతికవేల మొక్క నేలలో దాగింది. మా బావ గట్టు మీదే నిలబడ్డాడు. దారినపోయే వాళ్ళు "తోట పెడుతున్నారా?" అంటే, "లేదు, దాస్తున్నాం" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. వాళ్ళు నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఏం చేస్తాను, బంధువుని.

ఆదివారం తలస్నానం చేసి తొమ్మిదిన్నరకు నాలుగు మొక్కలు పెట్టాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చెంబెడు పాలు. అవతల చర్చి మైకులోంచి ఆదెమ్మ వాళ్ళ పాటలు పొలం దాకా వస్తున్నాయి.

ఆ ఏడు పురుగు పెద్దగా రాలేదు. ఊళ్ళో ఎవరికీ రాలేదు. మా బావ తోట నడుం ఎత్తు పెరిగి విరగకాసింది. ఈశాన్యం మూల నాలుగు మొక్కలకు మాత్రం బొబ్బర తెగులొచ్చి ఆకులు ముడుచుకుపోయాయి, ఒక్క కాయ కాయలేదు. నేను ఆ మాట ఎత్తకముందే ఆయన చెప్పాడు.

"తోట మొత్తానికి రావాల్సిన కీడు ఆ నాలుగూ తమ మీద వేసుకున్నాయి బావా. చూశావా శక్తి?"

చూశానన్నాను. పిన్ని జామాయిల్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎండుకాయ కళ్ళంలో చేరిన రోజున అల్లుడి ఫోను ఒకసారి అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది.

ఈ ఏడు నా నారు ముందు వచ్చింది. ఆదెమ్మకి ఫోన్ చేసి గురువారం రమ్మన్నాను.

"గురువారం ఆకు రోజండీ. మిరపకి కలిసిరాదు."

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మాయి మహిమ ఫోనులో ఆ యాప్ వేసిందండీ. మీ బావగారే నేర్పారు పిల్లకి."

"పోనీ శుక్రవారం?"

"అదీ ఆకేనండీ. శనివారం కాయ రోజే గానీ, అది మీ బావగారికి మాటిచ్చేశాం. మీకు సోమవారం వస్తాం."

"సోమవారం ఏ రోజు?"

"వేరు రోజండీ."

"వేరు రోజున మిరప పెడతారా ఎవరైనా?"

"మీకు నమ్మకం లేదుగా అండీ" అంది ఆదెమ్మ.

నిజమే, నాకు నమ్మకం లేదు. సోమవారమే పెట్టించాను. ఈశాన్యం మూల నాలుగు మొక్కలకు మాత్రం చోటు వదలమన్నాను, ఊరికే. ఎందుకని ఆదెమ్మ అడగలేదు. అప్పటికే వదిలేసి ఉంది.