తిరిగే సీటు

పొద్దున్నే కోదండరామయ్య అంబాసిడర్ కింద దూరి, కాళ్లు మాత్రం గుడివాడ రోడ్డుకు వదిలేశాడు. షెడ్డులో పనులకు కొదవ లేదు. రొయ్యల చెరువులాయన జీపుకు ట్రాక్టరంత చక్రాలు బిగించాలి. కోత మిషను ఇరుసు లేత్ మీద సగంలో ఆగి ఉంది. అయినా ఇవాళ మాత్రం వెనక వీధి పిచ్చేశ్వరరావు మాస్టారి కారే.

ఆ కారు ముందు సీటు బయటికి తిరగాలి. మాస్టారి భార్య త్రిపురసుందరిగారికి మోకాళ్లు వంగవు. కిందటిసారి పెళ్లికెళితే ఇద్దరు మగాళ్లు ఆవిడను బియ్యం బస్తాలా కారులోంచి దించారు. వీడియో అబ్బాయి అది కాస్తా తీసి, మండపంలో పెద్ద తెర మీద వేశాడు. ఆ తర్వాత ఆవిడ ఏ బండీ ఎక్కలేదు. సాయంత్రం బందరులో చెల్లెలి మనవరాలి పెళ్లి. సీటు తిరిగితేనే ప్రయాణం.

నిన్న ట్రాక్టర్ బేరింగు మీద సీటు కూర్చోబెట్టి, షెడ్డు ఓనరు ఆనంద్‌ని ఎక్కించి చూశాడు. బ్రేకు వేయగానే సీటు గిర్రున తిరిగింది. ఆనంద్ ముక్కు తలుపుకు కొట్టుకుంది.

"రామయ్యా, ఇది కారా, తిరనాళ్ల రంగులరాట్నమా?"

అందుకని ఇవాళ సీటు కదలకుండా అడుగున పిన్ను వేశాడు. మాస్టారు సరదాపడి కూర్చున్నారు. పిన్ను కాస్తా బిగుసుకుపోయింది. సీటు రోడ్డు వైపే ఉండిపోయింది.

"మాస్టారూ, మీ బరువుకి పిన్ను రావట్లేదండీ. ఒక్కసారి దిగండి."

"దిగనోయ్. లోపలికి తిరిగాకే దిగుతాను."

తలుపు బార్లా తీసి, చేతులు కట్టుకుని కూర్చున్న మాస్టారిని చూసి పాత శిష్యులు బళ్లు ఆపడం మొదలుపెట్టారు. ఒకాయన కాళ్లకు దండం పెట్టాడు. ఇంకొకాయనను మాస్టారు పదిహేడో ఎక్కం అడిగారు. ఆయన వెనక్కి చూడకుండా బండి తోలుకుపోయాడు.

ఇంతలో పట్టుచీర కట్టుకుని, కర్ర తాటించుకుంటూ త్రిపురసుందరిగారు వచ్చారు.

"ఏవండీ, పెళ్లి బందరులో అయితే దర్బారు ఇక్కడ పెట్టారేం?"

మాస్టారు ఠక్కున దిగిపోయారు. పిన్ను ఊడి వచ్చింది.

కోదండరామయ్య దాన్ని ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి, గ్రీజు రాసి మళ్లీ వేశాడు. మాస్టారిని కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఈసారి వెన్నలా తిరిగింది. అప్పుడు తాను రోజూ కూర్చునే చెక్కపీట తెచ్చి సీటు ముందు వేశాడు.

"ఇదెందుకు రామయ్యా?" అన్నారావిడ.

"అవసరపడుద్దేమోనండీ. మా ఇంటిది సుబ్బులమ్మ ఆటో ఎక్కడానికి చేశాను. పీటేసినా ఆఖర్న ఎత్తే ఎక్కించాల్సొచ్చేది. 'జనం చూస్తన్నారు, వదులు' అని గోల."

"ఇప్పుడెలా ఉంది?"

"పోయిన కార్తీకంలో పోయిందండీ," అన్నాడు, చేతి గ్రీజు గుడ్డకి తుడుచుకుంటూ.

ఆవిడ, సాయానికి వచ్చిన ఆనంద్‌ని కర్రతో ఆపారు. పీటను మెల్లగా పక్కకు జరిపారు. వెనక్కి తిరిగి సీట్లో కూలబడి, "తిప్పు రామయ్యా" అన్నారు.

సీటు లోపలికి తిరిగింది. పిన్ను టక్కుమంది.

"ఏవండీ, పెళ్లివారికి ఫోన్ చేయండి. నేను దిగేటప్పుడు వీడియో అబ్బాయి దగ్గరుండి తీయాలని చెప్పండి!"

కారు బందరు రోడ్డెక్కి కనుమరుగైంది. కోదండరామయ్య లేత్ మీది ఇరుసు దగ్గరికి వెళ్లి, కూర్చోబోయి, పీట లేదని గుర్తొచ్చి వెనక్కి చూశాడు. అది రోడ్డు పక్కనే ఉంది. ఎన్ని గ్రీజు మరకలు పడ్డా, సుబ్బులమ్మ కుడికాలు మోపే చోట పసుపు ఇంకా పోలేదు.