పాల క్యాన్ల వరస

సరిహద్దు అధికారి క్యాను ఎత్తి కాలవలో కుమ్మరించాడు. అసెకెన్యె కళ్ళముందే పాలు తరకలు తరకలుగా మురికినీళ్ళలో కలిశాయి.

"విరిగిన పాలు దేశంలోకి రానివ్వం" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"ఏడింటికి తెచ్చినప్పుడు విరిగాయా నాయనా? మధ్యాహ్నందాకా ఎండలో నిలబెట్టి నువ్వే విరగ్గొట్టావు!"

"రూలు నేను రాయలేదమ్మా. జరుగు."

ఆ వారంలో ఇది మూడోసారి. ఇంకొక్కసారి పాలు అందకపోతే కంపెనీ పాలే తీసుకుంటామని అవతల ఊరి టీకొట్లవాళ్ళు చెప్పేశారు. రెండు ఆవులు తప్ప అసెకెన్యెకు వేరే ఆధారం లేదు.

ఇదివరకు ఉగాండా నుంచి వంతెన దాటితే కెన్యా. నెత్తిన క్యాను చూసి ఇరువైపుల జవాన్లూ చెయ్యి ఊపేవారు. తర్వాత రెండు ప్రభుత్వాలూ కలిసి ఈ అద్దాల తనిఖీ స్టేషను కట్టాయి. ఒకే కప్పు కింద పని చిటికెలో అయిపోతుందన్నారు. నమ్మి, ప్రారంభోత్సవం నాడు పాలు మోసే ఆడవాళ్ళంతా పాటలు పాడి, వచ్చినవాళ్ళకు పాలు పోశారు. ఆ చిటికె కంపెనీ ట్యాంకరుకు దక్కింది. దానికి పక్కనే వేరే గేటు. మోసుకొచ్చేవాళ్ళు లారీల వెనక. ఉగాండా బల్ల దగ్గర ముద్ర అడిగితే "ముందు కెన్యా బల్ల" అంటారు. అక్కడికి వెళితే "ముందు ఉగాండా బల్ల". రెండు బల్లల మధ్య మూరెడు దూరం లేదు.

ఆ సాయంత్రం లారీ నీడన ఆడవాళ్ళు గుమిగూడారు.

"వాగులో దిగి దాటేద్దాం" అంది ఒకామె.

"దిగితే దొంగలంటారు. మనం దొంగలమా?" అంది ముసలి అమోంగిన్.

"ట్యాంకరు గేటుకు అడ్డం కూర్చుందాం" అంది అసెకెన్యె.

"పట్టుకుపోతారే!"

"ఒక్కదాన్నయితే పట్టుకుపోతారు. నలభైమందిని ఎక్కడ పెడతారు?"

మర్నాడు పొద్దున ట్యాంకరు ముందు నలభై క్యాన్లు నిలిచాయి. డ్రైవరు హారన్ మోగించి, తల బయటపెట్టాడు.

"అక్కా, తియ్యండి. నా ఉద్యోగం పోతుంది!"

"నీ పాలు చల్లగా పడుకున్నాయి తమ్ముడూ. మా పాలకే తొందర" అంది అసెకెన్యె.

లారీలవాళ్ళు గొల్లున నవ్వారు. రెండు దేశాల పోలీసులూ పరుగెత్తుకొచ్చారు.

"మీ మనిషి, మీరే తీసుకెళ్ళండి" అన్నాడు కెన్యా సార్జెంటు, అసెకెన్యెను చూపించి.

"ఈ నేల మీ దేశానిది, మీరే తీసుకెళ్ళండి" అన్నాడు ఉగాండావాడు.

అరగంట వాదించుకుని, చివరికి సార్జెంటే అసెకెన్యె రెక్క పట్టుకుని కేసు రాయించడానికి బల్ల దగ్గరికి లాక్కొచ్చాడు. వెనక్కి చూస్తే అమోంగిన్. ఆమె వెనక ఇంకొకామె. వరస వాకిలి దాటి గేటుదాకా ఉంది.

"మీరెందుకు?"

"మేమూ అడ్డం కూర్చున్నాం నాయనా. మా పేర్లూ రాయి."

"ఇళ్ళకు పొండి!"

"ఏడాదిగా నిలబెడుతున్నావు. ఇవాళ ఒక్కరోజు మాకోసం నిలబడతాం."

గుమాస్తా ఒంటివేలితో టైపు కొట్టాడు. ఏడో పేరు రాశాక కంప్యూటరు ఆగిపోయింది. బయట ట్యాంకరు ఆగే ఉంది. దాని వెనక లారీల ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. డ్రైవర్లు దిగొచ్చి క్యాన్ల పక్కన కూర్చున్నారు.

మధ్యాహ్నమైంది. పులిసిన వాసన హాల్లోకి వచ్చింది. సార్జెంటు గొంతు తగ్గించాడు.

"నిన్ను వదిలేస్తాను. మీవాళ్ళను తీసుకుని వెళ్ళమ్మా, పాలన్నీ విరుగుతున్నాయి."

అసెకెన్యె గడప మీదుగా క్యాన్లవైపు చూసింది. అయినా కాలు కదపలేదు.

"ఇవాళ్టివి పోనీ" అంది. "ఎనిమిదో పేరు రాయి."