అమాస నాడు ఆడిన మగ్గం

ఓంకార్ మేడ మీంచి దిగివచ్చేసరికి మంగళ ఒడిలో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. మరిదికి ఏం కావలసినా పైనుంచి కేకేసి అడగడమే అలవాటు. ఇవాళ మాత్రం గడప దగ్గర చెప్పులు విడిచి, పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"వదినె, జర చాయ్ పోస్తవా?"

"నీ పెండ్లాం పొయ్యలేదా?"

"పోసింది. గని ప్రెసిడెంట్ చేతి చాయ్ వేరే గదా."

మంగళ నవ్వలేదు. అతను ఎందుకు వచ్చాడో తెలుసు. సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గరి ఆడవాళ్ల నేత సంఘానికి ఆమె ప్రెసిడెంటు. సర్కారు హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలకు చద్దర్లు నేసిచ్చే ఆర్డరు ఆ సంఘానికి వచ్చింది. చద్దర్లు చేమగ్గం మీదే నెయ్యాలని షరతు. సంఘంలో ఉన్న మగ్గాలు చాలవు కాబట్టి సగం పని బయట ఎవరికైనా అప్పగించుకోవచ్చు. ఆ మనిషిని సంఘమే ఎంచాలి. మగ్గాలు నిజంగా నడుస్తున్నాయో లేదో ఆఫీసరు వచ్చి చూసి, ఫోటో తీసుకుని ఖాయం చేస్తాడు.

"నాకు గూడ రెండు చేతిమగ్గాలున్నయ్. నువ్వు చూసినవ్" అన్నాడు ఓంకార్.

"చూసిన. ఒకదాని మీద పిల్లి ఈనింది."

"పిల్లిని వెళ్లగొడ్త తియ్యి."

"పిల్లి పోతె నేసేటోడు వస్తడా? చద్దర్లన్నీ వెనక సాంచాల మీదనే దిగుతయ్. నాకు తెల్వదా?"

వెనక షెడ్డులో ఓంకార్ కరెంటు మగ్గాలు, అందరూ సాంచాలనే పిలిచేవి, గోడలు అదిరేలా ఆడుతున్నాయి. ఏళ్లుగా ఆ మోతలోనే బతుకుతున్నవాళ్లు కాబట్టి ఇద్దరూ గొంతు పెంచే మాట్లాడుకుంటున్నారు. మంగళ భర్త పెంటప్ప ఆ సాంచాలకే మరమ్మతులు చేస్తాడు. తమ్ముడి దగ్గర జీతం. ఆ రాత్రి అన్నం తింటూ కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇంటి పని ఇంట్ల ఉంటది. అండ్ల తప్పేముంది?"

"తప్పున్నదో లేదో నేను చెప్పొద్దు. సంఘం చెప్తది."

చెప్పినట్టే చేసింది. సంఘం కూర్చున్న రోజు లేచి నిలబడి, "ఓంకార్ నా మరిది. ఈ ముచ్చటల నేను కూసుంటే బాగుండది. మీరే పోయి ఆయన మగ్గాలు, పని అడిగిన కిష్టయ్య మగ్గాలు రెండు దిక్కుల చూసి రండ్రి, మీరే తేల్చుండ్రి" అని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. చూసి వచ్చినవాళ్లు లోపల మాట్లాడుకుంటున్నది ఆమెకు వినిపిస్తూనే ఉంది.

"ఓంకార్ మగ్గానికి తొక్కుడు చెక్క రంగు గూడ పోలేదే అవ్వా. ఎన్నడన్న కాలు పెట్టిండా దాని మీద?"

"కిష్టయ్య చెక్క చూసినవా? మడిమె ఆనిన కాడ గుంట పడ్డది. నీళ్లు పోస్తె ఆగుతయ్."

పని కిష్టయ్యకే అన్నారు.

కిష్టయ్యది జోడ్‌భావి పేట్‌లో ఒక సందు. ఇంట్లో నాలుగు చేమగ్గాలుంటే ఆడుతున్నవి రెండు. ఒకటి అతనిది, ఇంకొకటి భార్య పద్మది. మిగతా రెండింటి మీద నేసే తమ్ముళ్లు పని లేక ఒకరు ఆటో, ఒకరు చౌకీదారు ఉద్యోగం పట్టుకున్నారు. పాత కర్ర కొనేవాడు ఇప్పటికే వచ్చి మగ్గాలను వేళ్లతో కొట్టి చూసి వెళ్లాడు. ఈ పని దొరికితే తమ్ముళ్లు తిరిగి వస్తారు. దొరక్కపోతే మగ్గాలు విప్పి అమ్మేయడమే.

కబురు తెలిసి పద్మ వచ్చింది. పెళ్లికి ముందు మంగళా తనూ ఒకే వాకిట్లో బీడీలు చుట్టినవాళ్లు. వరసకు అక్కాచెల్లెళ్లు కాకపోయినా అలాగే పిలుచుకుంటారు. మంగళ ఒడిలోంచి చాట తీసుకుని మిగిలిన బియ్యం ఏరిపెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి పెంటప్ప మంగళతో మాట్లాడటం మానేశాడు. కంచం పెడితే తింటాడు, తిని లేస్తాడు. మేడ మీంచి ఓంకార్ కేకలు కూడా ఆగిపోయాయి.

ఆడవాళ్లను మరాఠీలో తాయీ, అంటే అక్కా, అని పిలిచే ఆఫీసరు ఫోన్ చేశాడు. శుక్రవారం వస్తానన్నాడు.

"మగ్గాలాయనకు మాత్రం చెప్పకండి, తాయీ. ముందే చెబితే ఎక్కడ చూసినా ఆడే మగ్గాలే కనిపిస్తాయి" అని నవ్వాడు.

మంగళా నవ్వింది. "చెప్పను సార్. శుక్రవారం బరోబర్" అంది. మూలన చొక్కా తొడుక్కుంటున్న పెంటప్ప గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

పద్మ మధ్యలో రెండుసార్లు ఎదురుపడింది. మంగళ మాట జారలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు కాస్త గర్వంగా కూడా ఉండింది.

శుక్రవారం ఆఫీసరును వెంటబెట్టుకుని సందు తిరిగేసరికి మగ్గం చప్పుడు వినిపించలేదు. భోజనానికి లేచారేమో అనుకుంది. వాకిట్లో తడి ముగ్గు కనబడ్డాక ఆమె కాళ్లు ఆగాయి.

లోపల నాలుగు మగ్గాలూ కడిగి తుడిచి ఉన్నాయి. కర్రలకు పసుపు, కుంకుమ. పద్మ మగ్గం మీద బంతిపూల దండ. పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు ఇత్తడి పళ్లెంలో పేర్చి, ముందు దీపం పెట్టారు. తలస్నానం చేసిన కిష్టయ్య అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆ రోజు అమావాస్య.

చేమగ్గం ఉన్న ఇళ్లలో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. నెలంతా ఒళ్లు హూనం చేసుకున్న మగ్గానికి అది విశ్రాంతి. మంగళ పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే. కానీ అత్తింట్లో చేమగ్గాలు తీసేసి సాంచాలు పెట్టి ఎన్నేళ్లయిందో. వాటికి అమావాస్య లేదు. కరెంటు పోతేనే ఆగుతాయి. ఆమె లెక్కల్లోంచి ఆ రోజు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

"మాగ్ బంద్ ఆహేత్ కా?" మగ్గాలు మూసేశారా అని మరాఠీలో అడిగాడు ఆఫీసరు.

మంగళ చెప్పింది. ఆయన విన్నాడు. చెడ్డమనిషి కాదు.

"నాకు అర్థమైంది తాయీ. కానీ ఫోటోలో మగ్గం ఆడుతూ కనబడాలి. ఇంకో రోజు రావాలంటే నెల దాటుతుంది, అప్పటికి గడువు అయిపోతుంది. ఐదు నిమిషాలు కూర్చోమనండి."

కిష్టయ్య చుట్ట ఆర్పాడు. "రేపు పొద్దుగాల రమ్మను మరదలా. సూర్యుడు రాకముందుకే కూసుంట."

"రేపు రాడు బావా."

"మంగళా, ఇయ్యాల వస్తడని నీకు ముందుగాలనే తెలుసా?" అంది పద్మ.

"చెప్పొద్దన్నరక్కా."

కిష్టయ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మంగళ అతని దగ్గరికి వెళ్లి మెల్లగా అంది.

"ఫోటో కోసమే బావా. నాలుగు పోగులు. మీ మగ్గం నిజంగ ఆడేదే గదా, అబద్ధం ఏమున్నది? ఎవరు చూస్తరు?"

పద్మే లేచి తన మగ్గం మీది దండ తీసింది. పళ్లెంలోంచి నాడె తీసి, కుంకుమ కొంగుతో తుడిచి, మొగుడి చేతికిచ్చింది. కిష్టయ్య ఆ మగ్గం మీదే కూర్చున్నాడు. మగ్గం ఆడింది. ఆఫీసరు ఫోటో తీశాడు. తేదీ, సమయం వాటంతటవే పడే ఫోటో అది.

వారం తిరక్కుండా ఆఫీసరు మళ్లీ ఫోన్ చేశాడు. ఎవరో పైవాళ్లకు ఫిర్యాదు పంపారట. ఆ తేదీ అమావాస్య, సోలాపూర్‌లో చేమగ్గం పట్టే ఏ తెలుగు ఇంట్లోనూ ఆ రోజు నేయరు, కాబట్టి ఆ ఫోటో నాటకం, అవి ఎప్పుడో మూలపడ్డ మగ్గాలు అని.

"నిజం చెప్పండి తాయీ. మామూలుగా ఆ రోజు ఆడతాయా?"

"ఆడవు."

"మరి మీరే కూర్చోబెట్టారు కదా. ఇప్పుడు నా పేరు కూడా అందులో ఉంది. ఆయనను తీసేస్తున్నాను. ఈ వారంలో ఇంకొకరిని చూపించకపోతే ఆర్డరు మొత్తం వెనక్కి పోతుంది."

ఆ సాయంత్రం పెంటప్ప ముందు కంచం పెట్టి మంగళ అడిగింది. "అది అమాస అని నీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు నాతోని మాట్లాడుతున్నవా?"

"మానింది నువ్వు గదా!"

పెంటప్ప అన్నం కలుపుకున్నాడు. ఫిర్యాదు రాసింది ఎవరని ఆమె అడగలేదు. ఆఫీసర్లకు తెలియని ఆ సంగతి తెలిసిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రాయాల్సిన అవసరం ఉన్న ఇల్లు ఒకటే.

మంగళ పద్మ ఇంటికి వెళ్లి తనే చెప్పింది. కిష్టయ్య విని లోపలికి వెళ్లిపోయాడు. పద్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"పని పోతె పోయింది చెల్లె. పనులు పోవుడు కొత్తనా మాకు? మగ్గం మీది పూలు నా చేత్తోని తీసిన. అది మరుస్తలేను."

సంఘంలో ఈసారి మంగళ బయట కూర్చోలేదు. కూర్చోవలసిన అవసరం లేకపోయింది. ఆర్డరు వెనక్కి పోతే తమ మగ్గాలూ ఆగిపోతాయని అందరికీ తెలుసు. తొక్కుడు చెక్క గురించి ఎవరూ ఎత్తలేదు. ఓంకార్ పేరు ఎవరు అన్నారో కూడా తెలియకుండానే తేలిపోయింది.

ఈసారి వేరే ఆఫీసరు వచ్చాడు. ఆయన వచ్చేముందే ఓంకార్ వెనక షెడ్డులో సాంచాలన్నీ ఆపించాడు. ఆ ఇంట్లో పట్టపగలు అంత నిశ్శబ్దం మంగళ ఎప్పుడూ ఎరగదు. ముందు గదిలోంచి ఒకే మగ్గం చప్పుడు వస్తోంది, ఒకే తీరుగా. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

మగ్గం మీద కిష్టయ్య ఉన్నాడు.

"కిష్టయ్యన్నను కూలికి పెట్టుకున్న వదినె" అన్నాడు ఓంకార్ పక్కకు వచ్చి. "నీకు నచ్చిన మనిషే గదా. ఇప్పుడన్న ఖుషీనా?"

"మరి ఆయన మగ్గాలు?"

"కర్రలోడు పట్కపోయిండు, మొన్న."

కొత్త ఆఫీసరు బట్టను వేళ్లతో తడిమి చూసి "ఛాన్" అని మెచ్చుకున్నాడు. ఫోటో తీశాడు. కాగితం మంగళ ముందు పెట్టి, ఈ చద్దర్లు ఈ మగ్గాల మీదే నేస్తారని సంఘం తరఫున సంతకం పెట్టమన్నాడు. ఆమె పెన్ను పట్టుకుని నిలబడింది. ఒక్క మాట అంటే చాలు. వెనక గది తలుపు తెరిచి చూడండి అంటే చాలు. అప్పుడు సంఘం ఆడవాళ్ల మగ్గాలు కూడా ఆగిపోతాయి.

"సంతకం పెట్టు మరదలా." కిష్టయ్య తల ఎత్తలేదు, నాడె ఆపలేదు. "ఈ కూలి గూడ పోగొట్టకు."

మంగళ పెట్టింది.

ఆఫీసరు స్కూటర్ సందు దాటాక ఓంకార్ తన అన్న వైపు చూసి తల ఊపాడు. పెంటప్ప వెనక్కి వెళ్లి స్విచ్చి వేశాడు. సాంచాలన్నీ ఒక్కసారిగా లేచాయి. గోడలు అదరడం మొదలైంది. కిష్టయ్య చేతులు ఇంకా అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి, రంగు పోని చెక్క మీద పాదం పడుతూనే ఉంది. అతని మగ్గం చప్పుడు మాత్రం వినిపించడం లేదు. ఇక ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు.