నలభై కార్డుల్లో ఒక గోడ

కార్డులాట పోటీకని మా అమ్మాయి పిచ్చుక తయారుచేసిన కట్టలో కాచుకునే కార్డు ఒక్కటీ లేదు. నా భయం అక్కడే మొదలైంది.

మొత్తం నలభై కార్డులు, అన్నీ చిన్నవే. మొదటి వంతులోనే బల్ల మీదికి దూకేవి, రెండో వంతుకల్లా మీదపడేవి. ఎదుటివాళ్లు తేరుకునేలోపు వాళ్ల ఇరవై ప్రాణాలూ ఊడ్చెయ్యాలట. భోజనాల బల్ల మీద వాటిని పరిచి, ఒక్కోదానికీ నా చేత ప్లాస్టిక్ తొడుగు వేయిస్తూ, పన్నెండేళ్ల నా కూతురు నాలుగు ‘రాతిగోడ’లను తీసి పక్కన పడేసింది.

“మరి వాళ్లు కొడితేనో?”

“దెబ్బ తింటాను. వాళ్లకి కొట్టే టైమివ్వకూడదు, అంతే. గోడ చేతికొచ్చిందంటే ఆ వంతు దండగ.”

“ఒక్కటైనా ఉంచుకోవే తల్లీ. అడ్డం పడుతుంది.”

“అమ్మా, నువ్వు పాలగిన్నెకి కూడా రెండు మూతలు పెడతావు.”

“మీ అమ్మ గొడుగుకి గొడుగు పట్టే మనిషే,” అన్నారు మావారు పేపరు వెనకనుంచి.

నవ్వితే నవ్వారు. పోయిన పరీక్షల్లో దీని జవాబులూ పక్కపిల్ల జవాబులూ ఒకేలా ఉన్నాయని టీచరు దీన్ని క్లాసు ముందు నిలబెట్టింది. చూసి రాసింది ఆ పిల్లేనని వారానికి తేలింది గానీ, ఈలోపు ‘కాపీ’ అన్న పేరు దీనికి జిగురులా అంటుకుపోయింది. అప్పట్నుంచి గడప దాటితే నోరు విప్పదు. ఒక్క ఈ కార్డుల షాపుకి మాత్రం తనంతట తాను వెళుతుంది. అక్కడ కూడా ఆ మాట పడితే ఇంక గదిలోంచి బయటకి రాదని నాకు తెలుసు.

కట్టలో ఏయే కార్డులున్నాయో పోటీవాళ్లకి ముందే రాసివ్వాలి. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ జాబితా నా చేతే రాయించుకుని, సాయంత్రమే షాపులో ఇచ్చి వచ్చింది.

మర్నాడు పొద్దున అది స్నానానికి వెళ్లినప్పుడు నేను పెట్టె తెరిచాను. ఒక ‘నిప్పురవ్వ’ను తీసి, ఒక రాతిగోడను దూర్చాను. లెక్క నలభైకి నలభై. కూరలో ఉప్పు సరిచేసినంత తేలిగ్గా చేశాను. తీసిన కార్డును చేతిసంచిలో వేసుకున్నాను. జాబితా సంగతి గుర్తుకే రాలేదు.

పోటీ జరిగే షాపు మేడమీద, గోడవారగా పెద్దవాళ్లకి కుర్చీలు వేశారు. మొదటి రౌండు పిచ్చుక పది నిమిషాల్లో గెలిచింది. రెండో రౌండు మధ్యలో ఒక కార్డు తీసింది. చెయ్యి ఆగిపోయింది. తలెత్తి సూటిగా నావైపు చూసింది. ఆ కార్డును చేతిలో చివరికి తోసేసి, వేరేది వేసి, అదీ గెలిచింది. ముఖంలో నవ్వు లేదు.

అప్పుడు పోటీ జడ్జి లేచింది. కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న బొంగురుగొంతు మనిషి.

“ఇప్పుడు కొన్ని కట్టలు జాబితాతో పోల్చి చూస్తాం. తేడా వస్తే పోటీలోంచి బయటకే. మోసం అనిపిస్తే పేరు ఆ బోర్డు మీద రాస్తాం.”

జాబితా అప్పుడు గుర్తొచ్చింది నాకు. బోర్డు మీద ఎవరిదో పాత పేరు సగం చెరిగి ఉంది. జడ్జి మొదటి బల్ల దగ్గర కార్డులు లెక్కపెట్టింది. రెండోదాన్ని వదిలేసింది. మాదీ వదిలేస్తుందేమో. వదిలెయ్యకపోతే? పిచ్చుక చేతులు బల్ల కింద ఉన్నాయి. జడ్జి దాని ముందు ఆగి పెట్టె అందుకుంది.

“ఆగండి మేడమ్!” నా గొంతు నాకే కీచుగా వినిపించింది. “అందులో ఒక కార్డు నేను మార్చాను. పిల్లకి తెలీదు.”

హాలంతా తిరిగి చూసింది.

“తెలీదా పాపా?” అంది జడ్జి.

తెలీదని చెప్పు తల్లీ, అని లోపల దణ్ణం పెట్టుకున్నాను. దాని చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు క్లాసులోనూ ఇలాగే, నోరు పెగల్లేదట.

“పొద్దున తెలీదు,” అంది పిచ్చుక. “రెండో రౌండులో చేతికొచ్చింది. అప్పుడే చెప్పాలి. భయమేసింది.”

జడ్జి కళ్లజోడు పెట్టుకుని దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

“పెట్టె తెరవకముందే చెప్పారు కాబట్టి బయటకి పంపను. కానీ రెండో రౌండు గెలుపు పోయినట్టే. మూడో రౌండు మూడు ఆటల్లో మొదటిది కూడా ఎదుటివాళ్లదే. మిగతా రెండూ గెలిస్తేనే నిలుస్తావు.” కాగితం తీసింది. “కారణం ఏమని రాయను?”

“అమ్మ అని రాయండి.”

ఎవరో పకపకా నవ్వారు. జడ్జి పెదవి కూడా నవ్వుతో వంకరపోయింది. అయినా ఏదో రాసుకుంది. బోర్డు వైపు వెళ్లలేదు.

పిచ్చుక నా దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. “రవ్వ.”

సంచి జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది. కార్డు తీసుకుని, రాతిగోడను నా అరచేతిలో పెట్టింది.

“ఇది నువ్వుంచుకో. ఆ చివర కుర్చీలో కూర్చో. నన్ను చూడకు.”

చివర కుర్చీలోనే కూర్చున్నాను. పిడికిలిలో గోడ అంచులు గుచ్చుకుంటున్నాయి. చూడొద్దంది కాబట్టి నేలకేసి చూస్తున్నాను.

“కొడుతున్నాను,” అన్న పిచ్చుక గొంతు వినిపించింది. హాలు ఆ చివరనుంచి, నా కుర్చీ దాకా.