ఎడమ పక్క లైటు

ఆమె లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్లుగా ఎత్తయిన భవనాల పైకప్పు గదుల్లో మోటార్లకు గ్రీజు పెడుతూ, అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్లను బయటికి తీస్తూ, తలుపుల తాళాలు సరిచేస్తూ బతుకుతోంది. ఆమె వెళ్లే భవనాలన్నిటిలో అందరూ ఆమెను లిఫ్టమ్మ అని పిలుస్తారు. వదిన అని పిలిచేది చెల్లెలి భర్త ఒక్కడే.

ఆ మరిది వడ్రంగి. తలుపులు, కిటికీలు, వంటగది అల్మరాలు చేస్తాడు. ఆరేళ్ల కిందట ఎక్కడినుంచో నక్షాలు తెప్పించుకుని, షెడ్డులో వెనక సగం ఖాళీ చేసి, ఇద్దరు కూర్చునే చెక్క విమానం ఒకటి మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ నవ్వారు. రెక్కల దూలాలు లేచాక నవ్వడం మానేసి, ఎప్పుడెగురుతుందని అడగసాగారు. ఎవరడిగినా అతనిది ఒకటే జవాబు: "జిగురు ఆరాలి."

చెల్లెలు సోఫాలకూ కుర్చీలకూ తొడుగులు కుడుతుంది. షెడ్డు ముందు గదే ఆమె కొట్టు. గోడ పొడవునా గుడ్డ తానులు నిలబెట్టి ఉంటాయి. విమానం రెక్కలకు గుడ్డ తొడిగి కుట్టింది కూడా ఆమే. రెక్కలకు ఏ రంగు వేద్దామని భర్తను అడిగితే, నీ ఇష్టం అన్నాడు. ముదురు నీలం వేయించింది.

ఇంజన్ బిగించిన వారం మరిది వదిన ఇంటికి వచ్చాడు.

"చెక్క సంగతి నాకొదిలెయ్యండి. కరెంటు దగ్గర నేను సున్నా," అన్నాడు. "మూడింటికి లైట్లు కావాలి వదినా. తలమీదుండే అద్దాల మూత సరిగ్గా బిగిసిందా లేదా అని ఒకటి. పెట్రోలు అడుగంటుతుంటే చెప్పడానికి ఒకటి. బ్యాటరీ ఛార్జి అవుతోందా లేదా అని ఇంకొకటి. అంతే."

"మూత సంగతే చెప్పు. బిగిస్తే వెలగాలా, బిగవకపోతే వెలగాలా?"

"రెండూ. మూడింటికీ అంతే, జతలు. ఎడమ పక్క పచ్చది, కుడి పక్క ఎర్రది. నక్షాలతో వచ్చిన పుస్తకంలో అట్లాగే ఉంది."

ఆమె ఒక సర్వీసు రిపోర్టు కాయితం వెనక్కి తిప్పి బొమ్మ గీసింది. లిఫ్టు తలుపులకు పాటించే పద్ధతే ఇక్కడా పెట్టింది. మూత గొళ్లెం పూర్తిగా లోపలికి దిగితే ఒక చిన్న స్విచ్చి నొక్కుకుంటుంది. అది నొక్కుకుని ఉన్నంతసేపూ ఎర్ర లైటును వెలిగించే ట్రాన్సిస్టర్ నోరు మూసుకుని ఉంటుంది. గొళ్లెం లేచినా, వైరు తెగినా, స్విచ్చి ఊడిపోయినా ఎర్ర లైటు వెలుగుతుంది.

"అంటే ఏది పాడైనా ఎర్రదే వెలుగుతుంది," అన్నాడతను.

"లైటే పాడైతే తప్ప. దానికి పక్కన ఒక మీట పెడతాను. బయల్దేరే ముందు నొక్కితే అన్నీ వెలగాలి. ఏది వెలగకపోతే అది మార్చుకోవాలి."

ఆదివారం మధ్యాహ్నాలు షెడ్డులో పని మొదలుపెట్టారు. చెక్క పొట్టు ఊడ్చి, పనిబల్ల మీద పాత అట్ట పరిచి, దాని మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టింది. మరిది డబ్బాలోంచి సామాను అందించేవాడు.

"ఆరు వందల ఎనభై ఓముల రెసిస్టర్లు ఆరు ఏరి ఇవ్వు. నీలం, బూడిద, బ్రౌన్ గీతలుంటాయి చూడు."

అతను ఏరి ఇచ్చాడు. బిగించి బ్యాటరీ కలిపితే ఆరు లైట్లలో నాలుగు బాగానే వెలిగాయి. రెండు మాత్రం కొనఊపిరితో ఉన్నట్టు మిణుకుమన్నాయి. ఆమె వంగి చూసింది. ఆ రెండింటి మీద మూడో గీత బ్రౌన్ కాదు, ఎరుపు. అంటే పది రెట్లు ఎక్కువవి.

"కళ్లజోడు మార్పించుకో. పట్టపగలు ఎండలో ఈ వెలుగు ఈగక్కూడా కనపడదు."

"చీకటిగా ఉంది కదా వదినా ఇక్కడ," అని నవ్వేశాడు. తర్వాతి ఆదివారానికి దీపమున్న భూతద్దం ఒకటి కొని బల్లకు బిగించాడు. ఆమె మెచ్చుకుంది.

మూడో ఆదివారం మూత లైట్ల జతను విమానంలో బిగించారు. సీటు ముందుండే ప్లైవుడ్ పలకలో అతను రెండు బెజ్జాలు పక్కపక్కన తొలిచి పెట్టాడు. ఆమె పలక కిందికి తల దూర్చి, వెల్లకిలా పడుకుని, వెనక నుంచి లైట్లు గుచ్చి వైర్లు కలిపింది. ముందువైపు ఆమెకు కనపడదు. మరిది సీటులో కూర్చున్నాడు.

"మూత తీసే ఉంచు. ఏ లైటు వెలిగింది?"

"పచ్చది."

"తీసే ఉందా?"

"తీసే ఉంది."

ఆమె మీటరు పెట్టి చూసింది. స్విచ్చి బాగానే ఉంది. వైర్లు బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. ట్రాన్సిస్టర్ మీద అనుమానం వచ్చి అది పీకేసి కొత్తది పెట్టింది. మెడ పట్టేసింది. కరిగిన సీసం చుక్క ఒకటి చొక్కా మీద పడింది.

"ఇప్పుడు?"

"పచ్చదే."

అలా గంట గడిచింది. ఇరవై రెండేళ్ల పనిలో ఇంత చిన్న సర్క్యూటు ఆమెను ఇంతసేపు ఏడిపించలేదు. చివరికి పాక్కుంటూ బయటికి వచ్చి, లేచి, పలక మీదికి వంగి చూసింది. ఎడమ బెజ్జంలో ఎర్ర లైటు నిక్షేపంగా వెలుగుతోంది.

"అదిగో చూడండి, పచ్చది," అన్నాడు మరిది వేలు చూపించి.

ఆమెకు మొదట తన తప్పు తెలిసింది. వెనక నుంచి పెడుతూ ఎడమ, కుడి తారుమారు చేసింది. పచ్చది ఉండాల్సిన బెజ్జంలో ఎర్రది పెట్టింది. సర్క్యూటుకు ఏమీ కాలేదు. గంటసేపు లేని తప్పును వెతికింది. రెండో సంగతి తెలియడానికి ఇంకొక్క క్షణం పట్టింది.

"ఇది ఏ రంగు?" అని అడిగింది.

అతను లైటు వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. మళ్లీ లైటు వైపు చూశాడు.

"మీరడిగిన తీరు చూస్తే ఎరుపు," అన్నాడు.

ఆమె సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకింది. ఫ్లాస్కులో ఉన్న టీ రెండు కప్పుల్లో పోసి, ఒకటి అతనికిచ్చింది. అతను సీటులోంచి దిగలేదు.

"చిన్నప్పట్నుంచీ అంతే. ఎరుపు, ఆకుపచ్చ, బ్రౌన్ నాకు ఒక్కలాగే ఉంటాయి. ఎడమ పక్కది వెలిగింది కాబట్టి పచ్చది అన్నా," అన్నాడు. "నీలం బాగా తెలుస్తుంది."

"డాక్టరుకు చెప్పావా? లైసెన్సుకు కళ్లు చూస్తారు కదా."

అతను ఉలుల పెట్టె అడుగునుంచి నాలుగు మడతల కాయితం తీసి ఇచ్చాడు. ఎగరడానికి తగినవాడని అందులో ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది: పగటి వెలుతురులో మాత్రమే. డాక్టరుకు అంతా తెలుసు.

"మరి చెల్లికి?"

"తెలీదు."

"పంతొమ్మిదేళ్లయింది పెళ్లయి."

"చెప్పే సందర్భం రాలేదు వదినా."

"ఒక్కటి కూడానా."

అతను మిగిలిన టీ తాగి కప్పు పక్కన పెట్టాడు. "మొదట్లో సిగ్గేసింది. దాని పనే రంగులతో కదా. ఆ తర్వాతేమో, మొదట్లో ఎందుకు చెప్పలేదని అడుగుతుందని ఊరుకున్నా. ఏడాదేడాదికీ అది ఇంకా కష్టమైంది. మీరు కూడా చెప్పకండి."

"నేను చెప్పను. నువ్వు చెప్పు. చెప్పేదాకా నేను ఇందులో వైరు ముట్టుకోను." ఆమె సామాను సంచిలో సర్దుకుంటూ అంది. "ఆ పక్క సీటులో కూర్చునేది చెల్లి. నువ్వు దేన్ని చూసి విమానం నడుపుతున్నావో చెల్లికి తెలియాలి."

అది పెడసరంగా అన్నది కాదు. లిఫ్టు తలుపు తాళం బాగయ్యేదాకా ఎవరినీ ఎక్కనివ్వనని అపార్ట్‌మెంటు వాళ్లకు చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలాగే చెప్పింది.

తొమ్మిది రోజులు ఎవరూ ఫోన్ చేయలేదు. పదో రోజు ఉదయం ఆమె ఒక ఎనిమిదంతస్తుల భవనంలో, కింది హాల్లో స్టూలు వేసుకుని లిఫ్టు బటన్ల పలక విప్పుతుంటే, చెల్లెలు వచ్చి ఎదురుగా మెట్ల మీద కూర్చుంది. వేళ్లకు ఇంకా సుద్ద గీతలున్నాయి. కొట్టు తెరిచి, మళ్లీ మూసేసి వచ్చినట్టుంది.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"పది రోజుల కిందటిదాకా తెలీదు."

"నిన్న అన్నం తింటూ చెప్పాడు మీ మరిది. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు."

అక్క స్క్రూలు ఊడదీసి ఒక డబ్బా మూతలో వేసుకుంటూ వింటోంది. లిఫ్టు కోసం ఒకాయన వచ్చి, రిపేరు జరుగుతోందన్న బోర్డు చూసి, నిట్టూర్చి, మెట్ల మీద చెల్లెల్ని తప్పుకుంటూ పైకెళ్లాడు.

"కోపం వచ్చిందా?" అని అడిగింది అక్క.

"రాత్రి వచ్చింది. పొద్దున్నకి వేరే ఏదో వచ్చింది." చెల్లెలు సుద్ద వేళ్లు రుద్దుకుంది. "ఏ గుడ్డ తెచ్చినా ముందు ఆయనకే చూపించేదాన్ని. ఇది బాగుందా, అది బాగుందా అంటే రెండూ బాగున్నాయి అనేవాడు. ఒక్కసారి కూడా బాగాలేదనలేదు. పంతొమ్మిదేళ్లు అట్లా అంటుంటే, నా చెయ్యి పడితే ఏ రంగైనా కుదురుతుందనుకున్నా అక్కా. ఆ ధైర్యంతోనే కొట్టు పెట్టా."

"కొట్టుకొచ్చేవాళ్లకు కళ్లున్నాయి కదే. వాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నారు."

చెల్లెలు కొంగుకు అంటిన సుద్ద దులుపుకుంది.

"వస్తున్నారు," అని ఒప్పుకుంది. తర్వాత, "మా హాల్లో సోఫా ఏ రంగని అడిగా రాత్రి. నేల రంగు అన్నాడు. ఆకుపచ్చ సోఫా అది," అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అక్క పలక బిగించి, లిఫ్టును కిందికి పిలిచి చూసింది. తలుపులు సరిగ్గా తెరుచుకున్నాయి.

ఆ ఆదివారం ముగ్గురూ పనిబల్ల చుట్టూ కూర్చున్నారు. పాత బొమ్మ పక్కన పెట్టేసి, ఆమె కొత్త కాయితం మీద మొదలుపెట్టింది.

"రంగు మాట మర్చిపోండి. అంతా బాగుంటే ఏదీ వెలగదు. తేడా వస్తే తెల్ల లైటు వెలుగుతుంది. మూడు లైట్లు మూడు చోట్ల, జానెడు జానెడు ఎడంగా. ఎడమ చివర మూత, మధ్యలో పెట్రోలు, కుడి చివర బ్యాటరీ. మూతది మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ఎందుకంటే నువ్వు ఆగి చూసేదాకా అది ఊరుకోకూడదు."

"మూడూ తెల్లవైతే నేను తికమకపడతాను," అంది చెల్లెలు. "పక్కన కూర్చునేది నేను."

మరిది లేచి వెళ్లి, గోరంత మందం చెక్క రేకు ఒకటి తెచ్చాడు. సన్నటి రంపంతో పావుగంటలో మూడు ఆకారాలు కోశాడు. విల్లులా వంగిన మూత, ఒక చుక్క, రెండు కొమ్ములున్న పెట్టె. ఆ రేకును లైట్ల ముందు పెట్టి, ఆమె బ్యాటరీ కలిపితే, చెక్కలోంచి ఆ మూడు ఆకారాలూ తెల్లగా వెలిగాయి. అంచులు గీసినట్టున్నాయి.

"ఇది నాకు తట్టలేదు," అంది లిఫ్టమ్మ. ఆమె అలా అనడం అరుదు.

ఈసారి లైట్లు బిగించేటప్పుడు వెనకవైపు చెక్క మీద సుద్దతో ఎడమ, కుడి అని రాయించుకుంది. పెట్రోలు లైటు కోసం ట్యాంకులో తేలే స్విచ్చి పెట్టి, కొలత పాత్రతో పోస్తూ, అరగంట ప్రయాణానికి సరిపడా మిగిలినప్పుడు వెలిగేలా సరిచేసింది. బ్యాటరీ వోల్టేజి పన్నెండున్నర కిందికి దిగితే మూడోది వెలిగేలా చేసింది. విమానాన్ని ట్రాలీ మీద బయటికి తోసి, నడి ఎండలో పెట్టి, మూడూ కనపడుతున్నాయో లేదో చూశారు. పెట్రోలు లైటుకు వెలుగు సరిపోలేదు. దానికి రెసిస్టర్ మార్చింది. ఆ రెసిస్టర్‌ను ఏరి ఇచ్చింది చెల్లెలు.

ఎగరడానికి అనుమతి ఇచ్చేముందు తనిఖీకి వచ్చిన ఆయన పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. రెక్కల అతుకులు గంటన్నర చూశాడు. సీటులో కూర్చుని మీట నొక్కాడు. మూడూ వెలిగాయి. మూత గొళ్లెం సగం దించి చూశాడు. ఎడమ లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకోసాగింది.

"అన్నీ తెల్లగా ఉన్నాయేం? ఎరుపు పెట్టలేదా?" అని అడిగాడు.

"నాకు ఎరుపు తెలీదండి," అన్నాడు మరిది. భార్య పక్కనే నిలబడి ఉంది.

ఆయన తలూపి, ఫారంలో ఏదో రాసుకుని, సర్క్యూటు బొమ్మ ఒక కాపీ కావాలన్నాడు. ఇంకో ఊళ్లో ఇంకొకాయన విమానం కడుతున్నాడట. లిఫ్టమ్మ కొత్తగా వేసిన బొమ్మనే శుభ్రంగా ఇంకోసారి గీసి ఇచ్చింది.

మొదటిసారి అతను ఒక్కడే ఎగిరాడు. పన్నెండు నిమిషాలు. దిగాక రెక్కల అతుకులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. అయిదోసారి బయల్దేరబోతూ ఇంజను వేగం పెంచగానే ఎడమ లైటు కొట్టుకుంది. గొళ్లెం పిడి పూర్తిగా తిరిగే ఉంది, చూడ్డానికి మూత బిగిసినట్టే ఉంది. ఇంజను ఆపి దిగి చూస్తే, భుజం పట్టీ కొస మూత అంచు కింద చిక్కుకుని, గొళ్లెం బియ్యపు గింజంత పైకి ఉంది. పట్టీ లాగేసి, మళ్లీ మూసి, లైటు ఆరాక ఎగిరాడు. ఈ సంగతి వదినకు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. ఆమె, గొళ్లెం ఎంత ఎత్తున ఉంటే లైటు వెలిగిందో కొలిచావా అని అడిగింది. కొలవలేదన్నాడు. కొలిచి రాసిపెట్టుకోమంది.

నియమం ప్రకారం ఒంటరిగా ఎగరాల్సిన గంటలు పూర్తయ్యాక, ఒక శనివారం పొద్దున చెల్లెలు ఎక్కింది. ఎక్కేముందు మీట తనే నొక్కింది. ఎడమ నుంచి కుడికి వేలుతో చూపిస్తూ, మూత, పెట్రోలు, బ్యాటరీ అని పైకి చదివింది. లిఫ్టమ్మ కంచె దగ్గర నిలబడి చూసింది. నీలం రెక్కలు గడ్డి మీదినుంచి లేచి, చెట్ల మీదుగా వెళ్లి, చిన్నవై, మలుపు తిరిగాయి. ఆమె గడియారం చూసుకుంది. ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చారు. విమానం నేల తాకి ఒకసారి గెంతి, రెండోసారి తాకినప్పుడు నిలదొక్కుకుంది.

చెల్లెలు దిగి, జుట్టు సరిచేసుకుంటూ కంచె దగ్గరికి వచ్చింది.

"ఎట్లా ఉంది?" అని అడిగింది అక్క.

"మన ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. నా వైపు మూత అంచులోంచి చలిగాలి మెడ మీద కొట్టింది. అక్కడ ఏదైనా మెత్తటి గుడ్డ పట్టీ అతికించాలి."

మరిది అప్పటికే మూత అంచు మీద వేలు పెట్టి, సందు ఎక్కడుందో వెతుకుతున్నాడు.